వెనిస్ నగరమందలి ఫ్లోరియన్ కాఫీశాల

ఇటలీ దేశపు ఈశాన్యభాగమున, లోతులేని ఉప్పునీటి సరస్సు నడుమ, నూరుకు మించిన చిన్న దీవులపై వెలసిన పట్టణము వెనిస్. వీథులకు బదులు కాలువలు, బండ్లకు బదులు పడవలు గల ఆ పట్టణమునకు నడిబొడ్డు సాన్ మార్కో చౌకు. తూర్పున సెయింట్ మార్కు దేవాలయము, దాని సరసనే పూర్వపు రాష్ట్రాధిపతుల ప్రాసాదము, ఉత్తర దక్షిణములందు కమానుల వసారాలతో కూడిన పొడుగాటి భవనశ్రేణులు. ఈ శ్రేణులు ఆ రాజ్యపు ఉన్నతోద్యోగుల కొరకు కట్టబడినవి. ఉద్యోగులున్న చోట కాఫీ అంగడి వెలయుట సహజమే గదా! దక్షిణపు శ్రేణి క్రింద, 1720వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన, ఫ్లోరియానో ఫ్రాంచెస్కోని అనునతడు రెండు చిన్న గదులతో ఒక కాఫీశాలను తెరచెను. మూడువందల యేండ్లు గడచినను ఆ శాల అదే చోట నిలిచియున్నది. యూరపులో దీనికంటె వయసున పెద్దవి లేకపోలేదు. పారిస్‌లోని ప్రొకోప్ 1686లోనే పుట్టినది. కాని అది నడుమ మూతబడి, పిమ్మట భోజనశాలగా తిరిగి తెరవబడినది. ఫ్లోరియన్ పుట్టిన చోటనే పెరిగినది. దాని వాకిట రాజ్యములు మాత్రము నాలుగైదుసార్లు మారినవి.

ఫ్రాంచెస్కోని తన అంగడికి పెట్టిన పేరు ఫ్లోరియన్ కాదు; ‘ఆల్లా వెనెత్సియా త్రియొన్‌ఫాంతె’ అని పెట్టెను. ‘విజయశాలినియైన వెనిస్’ అని దాని భావము. పేరు ఘనమైనదే గాని కాలము అట్టిది కాదు. అంతకు రెండేండ్ల ముందే, 1718లో జరిగిన పస్సారొవిట్స్ సంధి ననుసరించి, గ్రీసు దక్షిణభాగమైన మొరేయా ద్వీపకల్పమును వెనిస్ తురుష్కులకు విడిచిపెట్టవలసివచ్చెను. తూర్పు మధ్యధరాసముద్రమున శతాబ్దుల తరబడి యేలిన రాజ్యమునకు అది ఇంచుమించు తుది పరాజయము. ఓడిన రాజ్యము తన ఓటమిని పలకపై వ్రాసికొనదు. వింత యేమనగా, ఆ ‘విజయశాలిని’ పలక క్రింద అమ్మబడినది ఆ తురుష్కులనుండియే నేర్చుకొన్న పానీయము! జనులు ఆ పొడుగుపేరును పట్టించుకొనక, ‘ఫ్లోరియన్ దగ్గరకు పోదము’ అనుచుండిరి. కాలక్రమమున పలక మీది పేరు పోయి, నోట నున్న పేరే నిలిచెను.

కాఫీని గూర్చిన వార్త వెనిస్‌కు చేరుట అంతకు నూటముప్పదియేండ్లకు పూర్వపు మాట. కాన్‌స్టాంటినోపిల్‌లో వెనిస్ రాయబారిగా నుండిన జాన్‌ఫ్రాంచెస్కో మొరొసీని 1585లో తన సెనేటుకు సమర్పించిన నివేదికలో, అచటి జనులు గొప్పవారు కొద్దివారను భేదము లేక వీథులలోను అంగళ్లలోను కూర్చుండి, తాళగలిగినంత వేడిగా ఒక నల్లని నీటిని త్రాగుచుందురనియు, అది నిద్రను పోగొట్టునని చెప్పుకొందురనియు తెలియజేసెను. ఆయన మాటలలో మెచ్చుకోలు లేదు. సోమరుల కాలక్షేపమునకు దానినొక నిదర్శనముగా చూపెను. తన ఊరివారే ఆ కాలక్షేపమునకు దాసులగుదురని ఆయన ఊహింపలేదు. వెనిస్ దౌత్యాధికారికి వైద్యుడుగా ఈజిప్టునకు పోయి, పిమ్మట పడువా విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రము బోధించిన ప్రొస్పెరో ఆల్పీని 1592లో వెనిస్ నగరముననే ప్రకటించిన గ్రంథమున, కైరోలో ఒకరి తోటయందు తాను చూచిన కాఫీమొక్క బొమ్మను అచ్చువేయించెను. యూరపువారు ఆ మొక్క రూపమును మొదట చూచినది ఆ పుస్తకముననే. 17వ శతాబ్ది గడచుసరికి వెనిస్‌లో కాఫీ అంగళ్లు తెరవబడినవి. 18వ శతాబ్ది నడుమకు అవి రెండువందలకు మించినవి.

ఆ పెరుగుదల వెనుక ఒక తరుగుదల కథ యున్నది. వెనిస్ వైభవమునకు మూలము తూర్పుదేశపు సరకు. మలబారు మిరియములు ఎఱ్ఱసముద్రము మీదుగా అలెగ్జాండ్రియా చేరగా, అచట కొని యూరపు అంతటను అమ్మి వెనిస్ వర్తకులు గడించిరి. 1498లో వాస్కో డ గామా కళ్లికోట చేరుటతో ఆ వర్తకమునకు పోటీ పుట్టెను. వెనిస్ వెంటనే కూలలేదు, నూరేండ్లపాటు పెనగులాడెను. ఆ పెనగులాటలోనే చేజరె ఫెదెరీచి అను వెనిస్ వర్తకుడు మన దేశమునకు వచ్చి, 1567లో, అనగా రక్కసి తంగడి యుద్ధము జరిగిన రెండేండ్లకు, విజయనగరమును చూచెను. ఇండ్లు నిలిచియున్నను మనుష్యులు లేరనియు, పులులు తిరుగాడుచున్నవని చెప్పుకొనుచున్నారనియు అతడు వ్రాసి పెట్టిన మాటలను మన చరిత్రకారులు నేటికిని ఉదాహరింతురు. 17వ శతాబ్దిలో డచ్చివారు విజృంభించుటతో మిరియముల వర్తకము వెనిస్ చేతినుండి జారిపోయెను. సంపాదనకు తూర్పునకు పోవు యువకులు తగ్గిరి. ఊరిలోనే కూర్చుండి మాటలాడువారు హెచ్చిరి. అట్టివారికి కాఫీశాల కావలసివచ్చెను.

ఫ్రాంచెస్కోని వారి అంగడి ఆ వీలును గ్రహించినది. వెనిస్‌కు వచ్చిన పరదేశి మొదట ఫ్లోరియన్‌కు పోయి తన చీటిని అచట వదలిపెట్టును. తాను వెదకు మిత్రుడు ఊరిలో నున్నాడో లేడో అచటనే తెలిసికొనును. ఎవరు వచ్చిరి, ఎవరు పోయిరి, ఏ ఓడ యెప్పుడు చేరును అను సంగతులు అంగడి యజమానునికి తెలిసినట్లు మరియొకరికి తెలియవని ప్రతీతి. 1760లో గస్పారో గొజ్జి నడపిన ‘గజ్జెత్తా వెనెతా’ అను వార్తాపత్రిక దొరకు తావులలో ఫ్లోరియన్ ఒకటి. శిల్పి ఆంతోనియో కనోవాకు ఫ్లోరియన్ యజమానునితో గల స్నేహమును గూర్చి ఒక కథ చెప్పుదురు. యజమానుడు కీళ్లవాతముచే బాధపడుచుండగా, చెప్పులు కుట్టువాడు కొలత తీసినప్పుడెల్ల కాలు నొచ్చుచుండెనట. కనోవా ఆ కాలి ప్రతిరూపమును మలచి యిచ్చి, ఇకమీదట దీనినే కొలుచుకొమ్మనెనట. కథ ముచ్చటగా నున్నది. అయితే కనోవా 1757లో పుట్టినవాడు. 1720లో అంగడి తెరచిన మనుష్యునితో గాక, అతని వారసుడైన వాలెంతీనోతో ఆ స్నేహము ముడిపెట్టుట న్యాయము.

కాఫీశాలలో మాటలాడువారెందరో, ఆ మాటలు వినుటకై నియమింపబడినవారును అందరు. వెనిస్ రిపబ్లిక్కున రాజ్యవిచారకులను పేర ముగ్గురు అధికారులుండిరి. వారి వేగులవారు కాఫీశాలలలో కూర్చుండి, ఎవరు ఏమనిరో వ్రాసి పంపుచుండిరి. ప్రభువంశములను నిందించినవారు, ఫ్రెంచి భావములను మెచ్చినవారు ఆ కాగితములలో కెక్కిరి. స్త్రీలు కాఫీశాలలలో కూర్చుండరాదని కూడ ఆ శతాబ్దిలో ప్రభుత్వము ఉత్తరువులు చేసెను. అట్టి కాలమున స్త్రీలకు తావిచ్చిన శాల ఫ్లోరియన్ అని వాడుక. కార్లో గొల్దోని 1750లో వ్రాసిన ‘కాఫీ అంగడి’ అను ప్రహసనమున ఈ వాతావరణమంతయు కనబడును. అందులో దొన్ మార్జియో అను నేపుల్స్ పెద్దమనిషి కాఫీశాలలో కూర్చుండి వచ్చిపోవువారిపై లేనిపోని కొండెములు కల్పించును. తుదకు గూఢచారియని పేరుపడి, అందరిచేత ఛీకొట్టబడి ఊరు విడుచును. ఆ నాటకపు అంగడి ఫ్లోరియన్ కాదు, ఒక చిన్న చౌకులోనిది. అయినను చూచి నవ్వినవారిలో దొన్ మార్జియో వంటివారిని ప్రతిదినము ఫ్లోరియన్‌లో చూచినవారు తప్పక ఉండియుందురు.

కాసనోవాను గూర్చిన కథయు నొకటి కలదు. 1756లో రాజప్రాసాదపు కప్పుక్రింది చెరనుండి తప్పించుకొని, పారిపోవుచు ఫ్లోరియన్‌లో ఆగి కాఫీ త్రాగి పోయెనందురు. చెఱసాలకు కూతవేటు దూరమున, తెల్లవారువేళ, అట్టి సాహసము చేయువాడు కాసనోవాయే గాని మరియొకడు కాడు. అయినను తన పలాయనమును తానే విపులముగా వ్రాసికొన్న ఆ పెద్దమనిషి, ప్రాసాదము దాటి నేరుగా పడవ యెక్కితినని చెప్పుకొనెను. గొప్పలు దాచుకొను స్వభావము ఆయనది కాదు గనుక ఆ కాఫీకథను నమ్ముట కష్టము.

1797 మే 12వ తేదీన, నెపోలియన్ సేనలు సరస్సు అంచున నిలువగా, వెనిస్ మహాసభ తన్ను తానే రద్దుచేసికొనెను. వేయేండ్లకు పైబడిన రిపబ్లిక్కు ఒక్క పూటలో ముగిసెను. చివరి రాష్ట్రాధిపతి లుదొవీకొ మానీన్ అధికారము వదలుకొనెను. ఫ్రెంచివారు సాన్ మార్కో చౌకులో స్వాతంత్ర్యవృక్షమును నాటి, కులీనుల పేర్లుగల స్వర్ణగ్రంథమును కాల్చిరి. అక్టోబరు నెలలో ఆ స్వాతంత్ర్యమునే కంపో ఫార్మియో సంధిలో ఆస్ట్రియాకు ఇచ్చివేసిరి. తరువాత మరల ఫ్రెంచివారు, 1814లో మరల ఆస్ట్రియావారు. ‘విజయశాలినియైన వెనిస్’ అను పలకకు ఇక అర్థమే లేకపోయెను.

ఫ్లోరియన్‌కు ఎదుట, చౌకు ఉత్తరపు వసారాలో, 1775లో జోర్జో క్వాద్రి తెరచిన మరియొక కాఫీశాల కలదు. ఆస్ట్రియా పరిపాలన కాలమున సైనికాధికారులు క్వాద్రిలో కూర్చుండుట, వెనిస్ దేశభక్తులు ఫ్లోరియన్‌లో కూర్చుండుట అలవాటయ్యెను. నడుమ చౌకు మాత్రమే అడ్డు. ఒకరినొకరు చూచుకొనుచు, పలుకరించుకొనక, ఒకే పానీయమును రెండు పక్షములవారును త్రాగిరి. ఆస్ట్రియా సైనికవాద్యమేళము చౌకులో వాయించునపుడు ఊరివారు లేచి పోవుచుండిరి. ఏ సభయు ఏ పత్రికయు స్వేచ్ఛగా నడుపుటకు వీలులేని చోట, మనుష్యుడు తాను కూర్చుండు కుర్చీతోనే తన పక్షమును తెలుపవలసివచ్చెను. వేగులవారు ఆ కుర్చీలను లెక్కించుట మానలేదు. ప్రభువు మాత్రమే మారెను.

1848 జనవరిలో న్యాయవాది దనియెలె మానీన్, రచయిత నిక్కొలొ తొమ్మసేయో నిర్బంధింపబడిరి. ఈ దనియెలె పూర్వులు యూదులు. చివరి రాష్ట్రాధిపతితో ఆయనకు రక్తసంబంధము లేదు. మతము మార్చుకొన్నప్పుడు ఆ ప్రభువంశపు పేరు ఆ కుటుంబమునకు సంక్రమించెను. రిపబ్లిక్కును వదలిన మానీన్ ఒకరు, తిరిగి నిలిపిన మానీన్ మరియొకరు! మార్చి 17వ తేదీన, వియన్నాలో విప్లవము చెలరేగి మెటర్నిక్ పదవి కోల్పోయెనను వార్త త్రియెస్తెనుండి వచ్చిన పొగయోడ తెచ్చెను. జనులు గుంపులుగా చేరి ఖైదీలను విడిపించి, మానీన్‌ను భుజములపై మోసికొని చౌకునకు తెచ్చిరి. మరునాడు జనులు చౌకులోని నేలరాళ్లను పెకలించి విసరగా సైనికులు కాల్పులు జరిపిరి. గాయపడినవారిని ఫ్లోరియన్ గదులలోనికి చేర్చి ఉపచారములు చేసిరి. కాఫీ బల్లలు రోగుల మంచములైనవి. 22వ తేదీన ఓడల కర్మాగారము మానీన్ వశమయ్యెను. ఆ సాయంకాలము చౌకులో కాఫీ బల్ల నొకదాని నెక్కి ఆయన రిపబ్లిక్కును ప్రకటించెనని చెప్పుదురు.

ఆ రిపబ్లిక్కు బ్రతికినది పదునేడు నెలలు. ఇటలీలో మిగిలిన చోట్ల ఆస్ట్రియా గెలిచిన పిమ్మటను, 1849 ఏప్రిల్ 2వ తేదీన వెనిస్ శాసనసభ ఏమైనను ప్రతిఘటింతుమని తీర్మానించెను. ముట్టడి బిగిసెను. ఆస్ట్రియావారు మనుష్యులు లేని గాలిబుడగలకు బాంబులు కట్టి ఊరిపైకి వదలిరి. గాలి ఎదురు తిరిగి కొన్ని వారిపైకే వచ్చుటచే ఆ యుక్తి ఫలింపలేదు గాని, ఫిరంగులు మాత్రము ఇరువదినాలుగు దినములు ఎడతెగక గుండ్లు కురిపించెను. తిండి తరిగెను, కలరా పెరిగెను. ఆగస్టు 22వ తేదీన ఊరు లొంగిపోయెను. మానీన్ దేశము విడిచి పారిస్‌లో ఇటాలియన్ భాష నేర్పుకొనుచు జీవించి, 1857లో మరణించెను. 1866లో వెనిస్ ఇటలీ రాజ్యమున కలిసిన పిమ్మట, 1868లో ఆయన అస్థికలను తెచ్చి సెయింట్ మార్కు దేవాలయపు ఉత్తరపు గోడ చెంత సమాధి చేసిరి.

ఆయన ప్రవాసమున చనిపోయిన మరుసటి సంవత్సరమే ఫ్లోరియన్ నేటి రూపమును దాల్చెను. ఫ్రాంచెస్కోని వంశమువారు అంగడిని అమ్మివేయగా, క్రొత్త యజమానులు 1858లో లుదొవీకొ కదొరీన్ అను వాస్తుశిల్పిచేత గదులను తీర్చిదిద్దించిరి. సెనేటు గది, చైనా గది, ప్రాచ్యదేశపు గది, ఋతువుల గది, మహాపురుషుల గది అని వానికి పేర్లు. గోడలనిండ గాజుపలకల క్రింద చిత్రములు, బంగారుపూత చట్రములు, ఎఱ్ఱని మెత్తని ఆసనములు. సెనేటు గది గోడలపై చిత్రింపబడిన విషయములు విజ్ఞానము, కళలు, ప్రగతి. ఆస్ట్రియా పోలీసులు ఊరిని కనిపెట్టుచున్న దినములలో ఒక కాఫీ అంగడి తన గదికి సెనేటని పేరుపెట్టుకొనుట, ఊరిలో నిజమైన సెనేటు లేనందువలననే కాబోలు. మహాపురుషుల గదిలో జూలియో కర్లీని పదిమంది వెనిస్ పెద్దలను చిత్రించెను. గొల్దోని, చిత్రకారుడు టిషియన్, నౌకాసేనాని వెత్తోర్ పిసాని, పోపు అధికారమును ధిక్కరించిన పాఓలో సర్పి మున్నగువారు అందులో నున్నారు. పరప్రభుత్వము క్రింద నున్న జాతి తన పెద్దలను కాఫీశాల గోడపై నిలుపుకొనెను.

ఆ పదిమందిలో మార్కో పోలో యున్నాడు. తెలుగువాడు ఆ గదిలో నడుగిడినచో ఒక నిమిషము ఆ పటము ముందు ఆగవలసినదే. చైనానుండి తిరిగి వచ్చుచు 13వ శతాబ్ది చివర మన తీరమును గూర్చి ‘ముత్‌ఫిలి’ అని వ్రాసినవాడు ఆయనయే. అది నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. గాలివానకు చెదరి తీరము చేరిన పరదేశపు ఓడల సరకును రాజులు కొల్లగొట్టు ఆచారమును మాన్పి, కాకతీయ గణపతిదేవుడు 1244లో వర్తకులకు అభయశాసనము వ్రాయించిన రేవు. అచటి సాలెపట్టు వంటి సన్నని వస్త్రములను, వజ్రములను, నలుబదియేండ్లు ధర్మముతో ఏలిన రాణిని మార్కో పోలో కొనియాడెను. ఆమె పూర్వపు రాజు భార్య యని ఆయన వ్రాసినది పొరబాటు. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. పరాయిదేశపు వర్తకునికి, స్త్రీ సింహాసనమెక్కుటకు వైధవ్యము తప్ప వేరు కారణము తోచలేదు కాబోలు.

1866 తరువాతి ఫ్లోరియన్ చరిత్ర అంత ఉద్రిక్తమైనది కాదు. మేయరుగా నుండిన కవి రిక్కార్దొ సెల్వాతికొ, అతని మిత్రులు సెనేటు గదిలో చేరి మాటలాడుకొన్న ఆలోచననుండియే, నగరసభ 1893లో తీర్మానింపగా 1895లో తెరవబడిన అంతర్జాతీయ చిత్రకళాప్రదర్శనము పుట్టెను. రెండేండ్లకొకసారి జరుగునది గనుక దానికి బియెన్నాలె యని పేరు. గొథే, బైరన్, డికెన్స్ మొదలుగా ఫ్లోరియన్‌లో కూర్చుండినవారని చెప్పు గొప్పవారి పట్టిక చాల పొడుగైనది. ప్రసిద్ధమైన కాఫీశాలల పట్టికలన్నియు అట్లే పెరుగుచుండును.

ఇప్పుడు ఆ కుర్చీలలో కూర్చుండువారిలో ఊరివారు తక్కువ. 1951లో వెనిస్ దీవులలో సుమారు 1,75,000 మంది నివసించుచుండిరి. 2022లో ఆ సంఖ్య 50,000కు లోబడెను. ఇండ్లు యాత్రికుల వసతిగృహములైనవి. వసారా ముందు వాద్యబృందము వాయించుచున్న సమయమున కూర్చుండినవారు కాఫీతోపాటు సంగీతమునకును రుసుము చెల్లింపవలెను. సైనికవాద్యమునకు లేచిపోయినవారి మునిమనుమలు అచటికి వచ్చుట అరుదు. 2020 డిసెంబరు 29వ తేదీన మూడువందల యేండ్లు నిండినవి. కాని కోవిడ్ మహమ్మారి కారణముగా ఆనాడు తలుపులు మూయబడియుండుటచే ఉత్సవము జరుగలేదు.

సముద్రము మాత్రము ఆగలేదు. 1966 నవంబరు 4వ తేదీన నీరు 194 సెంటిమీటర్లకు, 2019 నవంబరు 12వ తేదీన 187 సెంటిమీటర్లకు పెరిగి ఊరిని ముంచెను. సరస్సు ముఖద్వారములందు కట్టిన మోసె అను లేచు తలుపులు 2020 అక్టోబరు 3వ తేదీన మొదటిసారి పోటును ఆపెను. ఆ తలుపులు 110 సెంటిమీటర్ల పోటు రానున్నదని తెలిసినపుడు లేచునట్లు ఏర్పాటు. సాన్ మార్కో చౌకు ఊరిలో మిక్కిలి పల్లపుచోటులలో నొకటి. ఇంచుమించు 80 సెంటిమీటర్లకే అచట నీరు పైకుబుకును. ఈ రెండు అంకెల నడుమ నున్న పోటు వచ్చిన దినములలో ఫ్లోరియన్ ముందటి రాతినేలపై నీరు చేరును, కుర్చీల కాళ్లు తడియును, పరిచారకులు తెల్లకోటుల క్రింద మోకాళ్లవరకు రబ్బరు బూట్లు తొడిగికొని పళ్లెములు మోయుదురు.